ఊరు విడిస్తే ఇంటిపేరు

మా పొందూరులో ఉన్నంతకాలం ఎవరినీ ‘పొందూరి వారు’ అని పిలవవలసిన అవసరం రాదు. ఊళ్లో ఉన్నవారంతా పొందూరి వారే కదా! అదే మనిషి నాలుగామడలు దాటి మరోచోట కాపురం పెడితే, ‘పొందూరి వారబ్బాయా?’ అంటారు అక్కడివాళ్లు. రెండు తరాలు గడిచేసరికి ఆ మాటే ఇంటిపేరై కూర్చుంటుంది. ఏతావాతా ఊరిపేరున్న ఇంటిపేరు సామాన్యంగా చెప్పేది మనం ఉంటున్న ఊరు కాదు. మన పెద్దలు విడిచివచ్చిన ఊరు.

1713లో విజయనగరం కోట కట్టిన రాజులు పూసపాటి వారు. ఆ పూసపాడు ఉన్నది కృష్ణా ప్రాంతాన! విజయనగరం పేరుతో విడదీయరాని మహాకవి గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టింది విశాఖ మండలంలో. ఇంటిపేరులోని గురజాడ మళ్లీ కృష్ణా జిల్లాలోనే. పూర్వుల ప్రయాణం ఇంటిపేరులో మిగిలిపోయింది.

వ్యాకరణం కూడా ఇక్కడే దాగి ఉంది. తరగతిలో ఔపవిభక్తికాలు చెబుతుంటే విద్యార్థులకు ఆవులింతలు వస్తాయి. అప్పుడు నేను హాజరుపట్టీ తీసి ఇంటిపేర్లు చదివిస్తాను. ‘ఊరు’ మారి ‘ఊరి’, ‘పాడు’ మారి ‘పాటి’, ‘నేయి’ మారి ‘నేతి’. పుస్తకంలోని సూత్రం తమ పేరులోనే ఉందని తెలిసి పిల్లలు లేచి కూర్చుంటారు.

ఇది మనకొక్కరికే ప్రత్యేకం కాదు. అమెరికా తొలి అధ్యక్షుడి వంశానికి వాషింగ్టన్ అన్న పేరు వచ్చింది ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతపు ఊరి నుంచి. వృత్తి పేర్లూ అక్కడ మెండు. స్మిత్ అంటే కమ్మరి. వాకర్ అంటే తడిబట్టను కాళ్లతో తొక్కి చిక్కబరిచేవాడు. నిఘంటువు వల్ల మనకు పరిచయమైన వెబ్‌స్టర్ అసలు అర్థం నేతపనివారు! మనకు మాత్రం లేరా? తాపీ ధర్మారావుగారి ఇంటిపేరులో గోడకట్టే పనిముట్టు కనబడుతూనే ఉంది. అయితే వీధి వీధంతా మగ్గాలున్న పొందూరు వంటి చోట ‘నేతగాడు’ అంటే ఎవరని పోల్చుకోవడం? పదిమందిలో ఒకరిని వేరుచేసి చూపేదే పేరుగా నిలుస్తుంది.

ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసిందనుకోరాదు. 2010 అమెరికా జనాభా లెక్కలలో స్మిత్‌లు 24 లక్షల పైచిలుకు. వారందరూ ఒక్క కమ్మరి సంతానమా? అలాగే ఒక ఊరు విడిచిన వేరువేరు కులాల వారికి ఆ ఊరిపేరే ఇంటిపేరు కావచ్చు.

ఇంత చరిత్ర మోసే ఇంటిపేరు కాగితాలలో ఒక్క పొడి అక్షరమైపోయింది. ‘పి’ అని రాస్తే పూసపాటా, పొందూరా ఎవరికి తెలుసు? పూర్తిగా రాసినా ఇంగ్లీషు అక్షరాలలో ‘నేటి’కీ ‘నేతి’కీ తేడా ఉండదు. విదేశాలకు వెళ్లిన కొందరి ఇళ్లలో తండ్రిపేరే పిల్లలకు ఇంటిపేరుగా స్థిరపడి, అసలుది జారిపోతోంది.

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడగండి. మన ఇంటిపేరులోని ఊరేది? దాన్ని విడిచి వచ్చినదెవరు? ఎందుకు వచ్చారు? వారు చెప్పినది తెలుగులో పూర్తిగా రాసి పెట్టుకోండి. ఆ సంగతి తెలిసిన తాతలూ, మామ్మలూ ఎంతోకాలం ఉండరు.