సీజర్ చచ్చేలోపు నిద్రొచ్చేస్తుంది

రాత్రి పదిన్నర. లైటు ఆర్పేసి, ఫోన్ దిండు పక్కన బోర్లా పెట్టి, స్లీప్ టైమర్ ముప్పై నిమిషాలకి పెడతాను. చెవిలో రోమ్ మొదలవుతుంది. ఏడాదిగా ఇదే తంతు. ఇన్ని రాత్రులు విన్నా జూలియస్ సీజర్ హత్య పూర్తిగా విన్నది ఒక్కసారే. క్రీ.పూ. 44 మార్చి 15న ఆయన సెనేట్‌కి బయల్దేరతాడు, నేను నిద్రలోకి బయల్దేరతాను.

నవ్వకండి. మైక్ డంకన్ అనే అమెరికన్ చేసిన ‘ది హిస్టరీ ఆఫ్ రోమ్’ పాడ్‌కాస్ట్ 2007లో మొదలై, 2012లో 179వ ఎపిసోడ్‌తో ముగిసింది. ఆయన నన్ను నిద్రపుచ్చుదామని చేయలేదు పాపం. కానీ ఆ గొంతులో ఎగుడుదిగుళ్లు ఉండవు. క్రైమ్ కథ పెడితే హంతకుడెవరో తేలేదాకా నాకు కళ్లు మూతపడవు. న్యూస్ సంగతి సరేసరి. రోమ్ అలా కాదు. ఎవరు గెలిచారో, ఎవరు పోయారో ఎప్పుడో తేలిపోయింది. నేను మేలుకుని చేసేదేం లేదు. క్రీ.శ. 238లో ఒక్క ఏడాదే ఆరుగురు చక్రవర్తులు! ఆ పేర్లు వరస పెట్టబోతే మూడో పేరుకే ఆవలింత.

అసలు సమస్య నాది కాదు, నాన్నది. ముప్పై ఏళ్లు గోదావరి దగ్గర పనిచేశారు. నది కాదు, మన స్టీల్ ప్లాంట్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరు గోదావరి. రిటైరై రెండేళ్లయినా ఒంటికి ఆ కబురు అందలేదు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి పడుకున్న మనిషి. ఇప్పుడు రెండింటికి లేచి వరండాలో తిరుగుతుంటారు. మాత్రలంటే ‘అలవాటైపోద్దమ్మా’ అంటారు.

ఒక రాత్రి నా ఇయర్‌బడ్ ఆయన చెవిలో పెట్టా. రెండు నిమిషాలకే తీసి ఇచ్చేశారు. ‘ఆ ఇంగ్లీషు నాకెక్కదు గానీ, నువ్వే సెప్పు.’

చిన్నప్పుడు నానమ్మ కథ చెబుతూ ‘ఊ కొట్టు’ అనేది గుర్తుందా మీకు? ఊ ఆగితే పిల్ల పడుకుందని లెక్క. ఇప్పుడు మా ఇంట్లో ఊ కొట్టేది నాన్న. నేను ముందురోజు విన్నది తెలుగులో చెబుతాను. కాకపోతే ఈయన ప్రశ్నలేస్తారు. హానిబాల్ ఆల్ప్స్ పర్వతాలు దాటి ఏనుగుల్ని తీసుకొచ్చాడంటే, ‘మేతెవరు మోసినారు?’ రోమన్ కొలిమిలో ఇనుము పూర్తిగా కరిగేది కాదని, ముద్దగా వచ్చిందాన్ని సమ్మెటతో కొట్టి మడ్డి వదిలించేవారని చెప్పానో లేదో, లేచి కూర్చున్నారు. స్లాగ్ గురించి నాకే పన్నెండున్నర దాకా క్లాసు. ఆ రోజు నుంచి రాత్రిపూట ఇనుము బంద్.

మొన్న తొట్లకొండ తెచ్చా. భీమిలి రోడ్డులో, ఎన్నిసార్లు వెళ్లామో. రాష్ట్ర పురావస్తు శాఖ 1988లో అక్కడ తవ్వకాలు మొదలుపెడితే బౌద్ధ విహారం, స్తూపాలు, శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. బావికొండలోనూ అంతే.

‘మనం పులిహోర తిన్న సోటా?’

‘అక్కడే నాన్నా.’

రోమ్ వాళ్లకి మన సన్నబట్టలు, మిరియాలు, ముత్యాలంటే మోజు. మసాలియా అనే తీరంలో సన్నబట్ట బాగా నేస్తారని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకరు రాశాడు. అది కృష్ణా డెల్టా వైపు. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు ఇండియాకే పోతున్నాయని ప్లినీ వాపోయాడు. రోమన్ ఓడే నేరుగా భీమిలికి వచ్చిందనుకోకండి, నాణెం చేతులు మారుతూ కూడా వస్తుంది. నాన్నకి మాత్రం ఓడే కావాలి.

‘తెచ్చినోడు తిరిగి ఇంటికెళ్లాడా?’

‘వెంటనే వెళ్లలేడు నాన్నా. జులైలో ఈజిప్టు వైపు నుంచి బయల్దేరితే నైరుతి గాలి ఇటు తోస్తుంది. వెనక్కి వెళ్లాలంటే గాలి తిరగాలి. నెలల తరబడి ఇక్కడే కాచుకోవాలి.’

‘షిఫ్ట్ మారేదాకా అన్నమాట.’

‘ఊ’ అన్నాను, ఈసారి నేనే. గాలి ఏ నెలలో తిరుగుతుందో చెప్పడం మొదలుపెట్టా. నవంబర్ దాకా వచ్చాను. అటువైపు నుంచి ఊ రాలేదు.