మా గోడకి చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది?

పోయిన దసరాకి త్రిపురారం వెళ్తే మా నానమ్మ మంచం గదిలోంచి వరండాలోకి వచ్చేసి ఉంది. ఏంటి నానమ్మా అని అడిగితే చెయ్యెత్తి పైకి చూపించింది. స్లాబు నుంచి అరచెయ్యంత పెచ్చు ఊడి, సరిగ్గా ఆమె తలగడ ఉండే చోట పడిందట. ఆ టైమ్‌కి ఆమె పొయ్యి దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది.

విచిత్రం ఏంటంటే, అంతకు ముందు ఏడాదే బయటి గోడలన్నిటికీ ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించాం. ఒక్క వానాకాలానికే కింద రెండడుగుల మేర బుడగలు లేచి పొరలు పొరలుగా ఊడిపోయింది. నాన్న పెయింటర్‌ని అన్నారు, పెయింటర్ మేస్త్రిని అన్నాడు, మేస్త్రి "ఇక్కడి నీళ్ళే అంత సార్" అన్నాడు. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ ఎక్కడొచ్చిందో వెతకకుండా స్క్రీన్ మీద మెసేజ్ కనపడకుండా చేశాం. అందుకే ఈసారి కూర్చుని అసలు సంగతి చదివాను. మీలో చాలామందికి ఊర్లో ఇల్లు ఉంటుంది కదా, పనికొస్తుందని రాస్తున్నా.

ఎండల జిల్లాలో చెమ్మ ఎందుకు?

నల్లగొండ అంటే అందరికీ ఎండలే గుర్తొస్తాయి. అది నిజమే. కానీ త్రిపురారం, నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ అన్నీ సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ళు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. అప్పటి నుంచి ఇక్కడ వరే వరి. కాలువ వచ్చిన సీజన్‌లో ఇంటి వెనక పొలంలో నెలల తరబడి నీళ్ళు నిలబడే ఉంటాయి. నేల తడిగా ఉంటే పునాదీ తడిగానే ఉంటుంది.

దీనికి తోడు ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన వేడికి గోడలు, స్లాబు వ్యాకోచిస్తాయి, రాత్రికి సంకోచిస్తాయి. రోజూ ఇదే జరిగితే వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. జూన్‌లో వాన ఆ పగుళ్ళలోకే దిగుతుంది. అంటే మన గోడని పాడుచేసేది ఒక్క వానే కాదు. ఎండ తలుపు తీస్తుంది, వాన లోపలికొస్తుంది.

కింద నుంచి వచ్చే నీళ్ళు

గోడ అడుగున ఒకటి రెండు అడుగుల ఎత్తు వరకే చెమ్మ, తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే అది నేల నుంచి ఎక్కుతున్న నీళ్ళు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన కేశనాళికీయతే ఇది. రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీళ్ళు అంత పైకి ఎక్కుతాయి. సూత్రంలో వేసి చూస్తే 0.01 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న గొట్టంలో నీళ్ళు దాదాపు 1.5 మీటర్లు ఎక్కాలి. ఇటుకలో ఇలాంటి సన్న రంధ్రాలు లెక్కలేనన్ని. గోడ పక్కల నుంచి కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి మామూలుగా అంత ఎత్తుకి రాదు.

ఇక్కడే మా తప్పు జరిగింది. ఆవిరి బయటికి పోయే దారిని పెయింట్‌తో మూసేశాం. నీళ్ళతో పాటు కరిగి వచ్చిన లవణాలు పెయింట్ వెనకాలే స్ఫటికాలుగా గట్టిపడి పొరని బయటికి నెట్టాయి. సిమెంట్ గిలాబు మళ్ళీ కొట్టినా ఇంతే. చెమ్మ ఆగదు, ఇంకో అడుగు పైకి వెళ్ళి బయటపడుతుంది.

కొత్త ఇల్లు కడుతుంటే బేస్‌మెంట్ పైన డీపీసీ, అంటే నీళ్ళు పైకి ఎక్కకుండా అడ్డుకునే పొర, తప్పకుండా వేయించాలి. పాత ఇంటికైతే ముందు గోడ చుట్టూ నేల సంగతి చూడాలి. మన ఊళ్ళలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు కిందికి పోతుంది. మట్టి బేస్‌మెంట్ పైదాకా వచ్చి ఉంటే తవ్వి దించాలి. బట్టలుతికే బండ, బోరు పంపు గోడకి ఆనుకుని ఉండకూడదు. ఊడిన చోట సున్నం గిలాబు, సున్నం పూత మేలు, ఎందుకంటే సున్నం ఆవిరిని బయటికి పోనిస్తుంది. గోడకి వరసగా రంధ్రాలు వేసి మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది, కానీ అది పై పనులన్నీ అయ్యాకే.

2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర, 2024 సెప్టెంబరు 1న కోదాడ వైపు నడిగూడెం మండలంలో ఎడమ కాలువకి గండ్లు పడ్డాయి. అలా వరద నీళ్ళలో నానిన గోడ పైకి పొడిగా కనపడినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. పండగ వస్తోందని వెంటనే పెయింట్ వేస్తే డబ్బు దండగే.

పక్క నుంచి, పై నుంచి

గాలివాన ఎటు కొడితే అటు గోడలో పగుళ్ళు వెతకండి. ఎక్కువగా కిటికీ మూలల్లో, ఇటుక గోడ పిల్లర్‌ని కలిసే చోట ఉంటాయి. పగులు మీద లప్పం రాసి వదిలేస్తే మళ్ళీ ఎండాకాలానికి తెరుచుకుంటుంది. దాన్ని కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, సాగే గుణం ఉన్న ఫిల్లర్ నింపాలి. సజ్జ అడుగున అంచు దగ్గర ఒక సన్న గాడి ఉండాలి. అది లేకపోతే నీటి చుక్క తలతన్యత వల్ల సజ్జ అడుగునే అంటుకుని గోడ దాకా పాకుతుంది. గాడి ఉంటే అక్కడే తెగి కింద పడుతుంది.

అన్నిటికంటే ప్రమాదం పైనుంచి వచ్చేదే. మంచి కాంక్రీటు క్షార గుణంతో, పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారమే లోపలి ఇనుప చువ్వకి రక్ష. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని తగ్గిస్తుంది. అప్పుడు నీళ్ళు తగిలితే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే రెండింతలకి పైగా చోటు అడుగుతుంది, కాంక్రీటుని పెచ్చులుగా నెట్టేస్తుంది. నానమ్మ తలగడ మీద పడింది అదే.

మా మిద్దె ఎక్కి చూస్తే నీళ్ళు పోయే గొట్టం నిండా వేపాకులు. పిట్టగోడ, స్లాబు కలిసే మూలంతా పగులు. ఆ మూలని సిమెంట్‌తో గుండ్రంగా పూడ్చాలి. మిద్దె మీద వందడుగులకి కనీసం ఒక అడుగు వాలు ఉండాలి. పెచ్చు ఊడిన చోట చువ్వని తీగ బ్రష్‌తో రుద్ది, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే మాత్రం మేస్త్రితో సరిపెట్టకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

ఖర్చు లేని టెస్ట్

చెమ్మ ఉన్న గోడ లోపలివైపు అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కవర్ పెట్టి నాలుగు వైపులా టేప్ వేయండి. ఒకటి రెండు రోజులాగి చూడండి. కవర్ వెనక తడి ఉంటే నీళ్ళు గోడలోంచి వస్తున్నాయి. ముందు వైపు తడి ఉంటే అది గదిలోని ఆవిరి, కిటికీ తెరిస్తే చాలు.

పాత పెంకుటిళ్ళకి ఇవేవీ లేవు కదా అనిపించింది. కానీ వాటికి చూరు గోడని దాటి బయటికి వచ్చేది, ఎత్తైన అరుగు ఉండేది, ఏడాదికోసారి సున్నం పడేది. నీళ్ళని గోడ దాకా రానివ్వకపోవడం, వచ్చినవాటిని ఆరనివ్వడం. రెండూ ఉన్నాయి. మనం స్లాబు వేసి రెండూ మర్చిపోయాం.

ఈ ఎండాకాలం మా మిద్దె పని, అడుగు గోడల పని అయిపోయింది. నానమ్మ మంచం మాత్రం ఇంకా వరండాలోనే ఉంది. "ఒక్క పెద్ద వాన పడనీ బిడ్డా, అప్పుడు జూద్దాం" అంటోంది. ఇంజనీరింగ్ చదివేది నేనే కానీ, టెస్టింగ్ అయ్యేదాకా నమ్మకూడదని ఆమెకే బాగా తెలుసు. మీరు కూడా ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక్కసారి మిద్దె ఎక్కి గొట్టంలో ఆకులు తీసి రండి.