గ్రెన్‌ఫెల్ మేడ: మాటలేని నడక

2017 జూన్ 14 తెల్లవారుజామున లండనులో ఒక ఇరవై నాలుగు అంతస్తుల మేడ నిలువునా కాలిపోవడం మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. దాని పేరు గ్రెన్‌ఫెల్ టవర్. ఉత్తర కెన్సింగ్టన్ ప్రాంతంలో 1974లో కట్టిన మునిసిపాలిటీ వారి మేడ. అందులో ఎక్కువగా అద్దెకున్నవారు సామాన్యులు: మొరాకో, ఇథియోపియా, సూడాన్, సిరియా, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ వంటి ఎన్నో దేశాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డవాళ్ళు. సొంత రాష్ట్రం వదిలి తరాలుగా మరోచోట బతుకుతున్న మనకు ఆ మేడలోని సంసారాలు అంత కొత్తగా అనిపించవు. ఆ మంటల్లో 72 మంది పోయారు. వారిలో 18 మంది పిల్లలు.

మంట పుట్టింది నాలుగో అంతస్తులో, ఒకరి వంటింట్లోని ఫ్రిజ్ దగ్గర. అర్ధరాత్రి దాటి ఒంటిగంట కావస్తుండగా ఫైరింజనుకు కబురు వెళ్ళింది. వాళ్ళు వెంటనే వచ్చారు, వంటింటి మంట ఆర్పారు కూడా. కాని అప్పటికే నిప్పు కిటికీలోంచి బయటి గోడకు పాకింది. అక్కడి నుంచి అరగంటైనా పట్టకుండానే పైకప్పు తాకింది.

గోడ మండడం ఏమిటని నాకూ మొదట అర్థం కాలేదు. ఆ మేడకు 2016లో ముగిసిన మరమ్మత్తుల్లో, చలి తగలకుండా, చూపుకు అందంగా ఉండేలా బయట కొత్త తొడుగు వేశారు. రెండు పల్చని అల్యూమినియం రేకుల మధ్య పాలిథిన్ పొర ఉండే పలకలు అవి. దాని వెనక చలిని ఆపే మెత్తలు, అవీ మండేవే. ముందు అనుకున్నవి జింకు పలకలు. వాటి బదులు ఇవి వాడడం వల్ల సుమారు 3 లక్షల పౌండ్లు మిగిలాయట. మేడ మొత్తానికి మెట్లదారి ఒక్కటే. పైగా అలాంటి మేడల్లో మంట పుడితే ‘ఎవరిళ్ళలో వాళ్ళు తలుపు వేసుకుని ఉండండి’ అన్నది అక్కడి పాత నియమం. సిమెంటు గదుల్లో మంట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకదన్న నమ్మకం మీద పెట్టిన నియమం అది. గోడే మండుతున్నప్పుడు ఆ నియమం ఏం పనికొస్తుంది? ‘బయటికి వచ్చెయ్యండి’ అన్న మాట రావడానికి రాత్రి 2 గంటల 47 నిమిషాలయింది. అప్పటికి మెట్ల నిండా నల్లటి పొగ.

అది రంజాన్ మాసం. సెహరీ కోసం మేలుకుని ఉన్న ముస్లిం కుటుంబాలవాళ్ళు ఇరుగుపొరుగు తలుపులు బాదారు. అలా లేచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు ఉన్నారు.

ఇక ఆ ఊరి జనం ఏం చేశారన్నది నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి. తెల్లారేసరికే చుట్టుపక్కల మసీదు, చర్చీలు, ఆటల కేంద్రం తలుపులు తెరిచాయి. బట్టలు, దుప్పట్లు, పాలడబ్బాలు, బొమ్మలు సంచులకొద్దీ వచ్చి పడ్డాయి. ఎంతగా అంటే ‘ఇక బట్టలు తేవద్దు’ అని చెప్పాల్సి వచ్చింది. మిగిలిపోయిన వాటిని రెడ్‌క్రాస్ వాళ్ళు తమ దుకాణాల్లో అమ్మి ఆ డబ్బు బాధితులకు చేర్చారు. గాయకులంతా కలిసి ఒక పాట రికార్డు చేసి అమ్మారు. ఫుట్‌బాల్ పందెం పెట్టి డబ్బు పోగుచేశారు.

అయితే అంత మంది మనుషుల మధ్య ప్రభుత్వం మనిషి కనబడలేదు. ఎవరిని ఎక్కడ పడుకోబెట్టారో, తప్పిపోయినవాళ్ళ కోసం ఎవరిని అడగాలో చెప్పే దిక్కు లేదు. కనబడని వారి ఫోటోలు గోడలకు, చర్చి కంచెలకు, బస్టాపులకు అంటించుకుని కుటుంబాలు తిరిగాయి. మరుసటి రోజు వచ్చిన ప్రధాని థెరిసా మే అగ్నిమాపక సిబ్బందితో మాట్లాడి, బాధితులను కలవకుండానే వెళ్ళిపోయారు. ఆ మర్నాడు మహారాణి వచ్చి జనాన్ని పలకరించారు. అదే రోజు మళ్ళీ వచ్చిన ప్రధానిని జనం కేకలతో తరిమినంత పనిచేశారు. మునిసిపల్ కార్యాలయంలోకి జనం దూసుకెళ్ళారు. నెలాఖరుకు కౌన్సిల్ నాయకుడు రాజీనామా చేశాడు.

కోపానికి కారణం మంట ఒక్కటే అయితే అది నాలుగు రోజుల్లో చల్లారేది. ‘ఈ మేడ ప్రమాదం’ అని అక్కడి అద్దెదారుల బృందం ముందే రాసింది, ఎన్నోసార్లు రాసింది. 2009లో అదే లండనులో లాకనల్ హౌస్ అనే మేడ తగలబడి ఆరుగురు చనిపోయారు. ఆ విచారణలో ఇచ్చిన సలహాలు అటకెక్కాయి. చెప్పినా వినలేదన్నది కడుపులో మండే మాట. మన అపార్టుమెంటు మీటింగుల్లో ‘మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పిల్లల సైకిళ్ళు తీయండి’ అని ఎవరన్నా అంటే మిగతావాళ్ళు మొహాలు చూసుకోవడం నాకు గుర్తొస్తుంది. బెంగుళూరులో ఉన్నవాళ్ళు 2010 ఫిబ్రవరి నాటి కార్ల్‌టన్ టవర్స్ ప్రమాదాన్ని మరిచిపోయి ఉండరు. అది ఆఫీసుల భవనం. తొమ్మిది మంది పోయారు. వారి కుటుంబాలవాళ్ళే పూనుకుని ‘బియాండ్ కార్ల్‌టన్’ అనే సంస్థ పెట్టారు. మా అపార్టుమెంటులో మటుకు నాలుగో అంతస్తు మలుపులో పాత బీరువా ఒకటి ఇంకా ఉంది.

జనం అన్నాక పుకార్లూ ఉంటాయి. పై అంతస్తు కిటికీలోంచి విసిరిన పసిబిడ్డను కింద ఒకాయన పట్టుకున్నాడని ప్రపంచమంతా చెప్పుకుంది. నేనూ నలుగురికి చెప్పాను. తర్వాత విలేకరులు ఎంత వెతికినా దానికి ఆధారం దొరకలేదు. చనిపోయిన వాళ్ళు వందల్లో ఉన్నారు, దాస్తున్నారు అని ఇంకో మాట. పోలీసులు ముందు 80 వరకూ చెప్పి, నెలల తరబడి వెతికి ఆ లెక్క తగ్గించారు. అధికారుల మీద నమ్మకం పోయినచోట నిజమైన లెక్క కూడా అబద్ధంలాగే వినబడుతుంది. మోసగాళ్ళు కూడా తయారయ్యారు. ఆ మేడలో ఉన్నామనో, మావాళ్ళు పోయారనో అబద్ధం చెప్పి డబ్బూ హోటలు గదులూ పొందినవాళ్ళు చాలామంది పట్టుబడి జైలుకెళ్ళారు. ఆ మండే తొడుగు అమ్మినవాళ్ళ మీద, తగిలించినవాళ్ళ మీద ఏడేళ్ళకు విచారణ నివేదిక వచ్చేనాటికి కూడా నేరాభియోగం ఒక్కటీ లేదు.

ఇల్లు పోయి హోటలు గదుల్లో చేరిన ఆడవాళ్ళకు వండుకునే వీలు లేకపోయింది. దగ్గరలోని అల్ మనార్ మసీదు వంటగదిని అడిగి తీసుకుని తమవాళ్ళకు తామే వండడం మొదలుపెట్టారు. ఎవరి దేశపు వంట వాళ్ళది. ఆ వంటగదికి ‘హబ్’ అని పేరు పెట్టుకున్నారు. అరబ్బీలో ప్రేమ అని. 2018లో వాళ్ళ వంటలన్నీ పుస్తకంగా వచ్చాయి. రాచకోడలు మేగన్ ముందుమాట రాశారు. పొయ్యి లేని ఇల్లు ఇల్లే కాదని మన పెద్దవాళ్ళు అనేది ఇందుకే కాబోలు.

ప్రతి నెలా 14వ తేదీ సాయంత్రం జనం ఆ వీధుల్లో మౌనంగా నడిచేవారు. నినాదాలు లేవు, మైకులు లేవు. ఆకుపచ్చ మఫ్లర్లు, ఆకుపచ్చ గుండె బొమ్మలు. కొన్నిసార్లు దారి పక్కన అగ్నిమాపక సిబ్బంది హెల్మెట్లు చేతపట్టి బారులు తీరేవారు. నడిచేవాళ్ళు ఆగి వాళ్ళను కావలించుకునేవారు. లండనులో ఉద్యోగం చేసే మా పెద్దక్క కొడుకు ఒకసారి వెళ్ళాడు. “వేలమంది పిన్నీ, చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఒక చిన్నపిల్ల తుమ్మితే అందరం ఉలిక్కిపడ్డాం” అని ఫోనులో చెప్పాడు. కరోనా వచ్చాక నెలనెలా నడక ఆగింది. జూన్ 14న ఇప్పటికీ నడుస్తారు.

2018 మేలో విచారణలో సాక్ష్యాల కంటే ముందు, పోయినవాళ్ళ గురించి వారి బంధువులు చెప్పుకోవడానికి రోజులు కేటాయించారు. ఫోటోలు చూపించారు, ఇష్టాలు చెప్పారు, ఏడ్చారు. సర్ మార్టిన్ మూర్-బిక్ తుది నివేదిక 2024 సెప్టెంబరు 4న వచ్చింది. ఆ చావులన్నీ తప్పించగలిగినవే అని తేల్చింది. తొడుగూ మెత్తలూ తయారుచేసిన కంపెనీలు నిజం దాచి అమ్మాయని, దశాబ్దాలుగా ప్రభుత్వాలు కళ్ళు మూసుకున్నాయని రాసింది. ఈలోగా దేశమంతటా అలాంటి తొడుగు ఉన్న మేడలు వందల్లో బయటపడ్డాయి. ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు వాటిని అమ్ముకోలేక, రాత్రిపూట కాపలావాళ్ళకు జీతాలిచ్చుకుంటూ గడిపారు.

మేడను తెల్లటి గుడ్డతో కప్పి, పైన ఆకుపచ్చ గుండె బొమ్మ పెట్టి చాలా ఏళ్ళు అలాగే ఉంచారు. దాన్ని పూర్తిగా విప్పేస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించింది. ఆ సెప్టెంబరులో పని మొదలైంది. ‘రోజూ కిటికీ తీస్తే అదే కనబడుతోంది, తీసెయ్యండి’ అన్నవాళ్ళు ఉన్నారు. ‘మావాళ్ళు చివరిసారి ఉన్న చోటు అది, మమ్మల్ని సరిగ్గా అడగనైనా లేదు’ అన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ ఆ మేడ మనుషులే. జూన్ 14న ఒకే వీధిలో పక్కపక్కనే నడిచేవాళ్ళే.