లారీకి వచ్చు జ్వరము



మా తెలకపల్లి నుండి అచ్చంపేట, మన్ననూరుల మీదుగా శ్రీశైలమునకు పోవు లారీలు నల్లమల ఘాటు నెక్కవలెను. ఒక వేసవి మధ్యాహ్నమున నా పూర్వశిష్యుని లారీలో నేనా దారిని పోవుచుండగా, వేడిని జూపు ముల్లు ఎఱ్ఱగీతను దాటినది. “సారూ, నీళ్లు పోస్తె సల్లబడ్తది” అని యతడు దిగి రేడియేటరు మూత త్రిప్పెను. నేను వలదనులోపలనే మరుగునీరు చిమ్మి అతని ముంజేయి కాలెను. ఆ మచ్చ నేటికిని కలదు.

ఆ మూత లోపలి ఒత్తిడిని నిలుపును. ఒత్తిడి హెచ్చినకొలది నీరు మరుగు వేడిమియు హెచ్చును. కావున లోపలి నీరు 100 డిగ్రీలు మించియు మరుగక యుండును. మూత వదులైనంతనే యది భగ్గున పొంగును. ఇంజను నాపి, అరగంటకు తక్కువ గాక వేచి, పైగొట్టము చల్లబడిన పిదపనే మూత తీయవలెను. కాగిన ఇంజనులో చన్నీరు పోయరాదు, లోహము బీటవాఱును.

ఇక నిదానము. జ్వరము లక్షణమే గాని మూలవ్యాధి కాదు. లారీవేడియు నట్టిదే. మూడు ప్రశ్న లడుగవలెను.

మొదటిది: నీరున్నదా? తఱచుగా తగ్గుచుండినచో గొట్టములు, వాటర్ పంపు, రేడియేటరు కారుచున్నవేమో చూడుడు. పైకి కారుట లేకయే తగ్గుచు, సైలెన్సరునుండి తెల్లపొగ విడువక వచ్చినను, ఇంజనాయిలు పాలవలె మాఱినను హెడ్ గాస్కెట్ చెడినదని శంకింపవలెను. అట్టి బండిని నడుపరాదు.

రెండవది: నీరు తిరుగుచున్నదా? ఇంజను కాగినను క్రిందిగొట్టము చల్లగానే యున్నచో థర్మోస్టాట్ తెఱచుకొనలేదేమో, పంపు త్రిప్పుట లేదేమో, రేడియేటరు పూడినదేమో. ఉప్పదనముగల బోరునీరు పోయుచు వచ్చిన లోపల సున్నము పెచ్చుకట్టును. తయారీదారు చెప్పిన పాళ్లలో కూలెంటు, శుద్ధజలము వాడుటయే మేలు.

మూడవది: గాలి తగులుచున్నదా? ఫ్యాను బెల్టు వదులైనను, రేడియేటరు రెక్కలలో దుమ్ము, ప్రత్తిపీచు, పొట్టు చిక్కినను గాలి యాడదు. బరువుతో మెల్లగా ఎక్కునపుడే వేడెక్కి, సమతలమున చల్లబడు బండిలో ముందుగా దీనిని చూడవలెను.

నా శిష్యుని లారీలో తుదకు కనబడినది వదులైన బెల్టు మాత్రమే. దానిని బిగించుటకు పట్టినది కొద్దిసేపు. చేయి మానుటకు పట్టినవి వారములు. ఓపికతో వేచి, మూల మెఱిగి, పిదప చేయి చాచుడు.