తొవ్వ నడిస్తెనే గుట్ట మిగులుతది

ట్రెక్కింగ్ అంటె మన పొల్లగాళ్లకు మనాలి గుర్తుకొస్తది. అప్పు జేసి రైలెక్కి, ఆడిదాక పోయి, కొండ మీద ఫొటో దిగొస్తరు. ఊరెనుక గుట్ట ఆఖరుసారి ఎప్పుడెక్కిండ్రో మాత్రం యాదికుండది. గుట్టెక్కుడు గొర్లకాపరి పని అనుకుంటం. ఈ ఆలోచనతోనే మన గుట్టలు పోతున్నయి. ఎట్లనో చెప్త.

అమెరికాల గ్రాండ్ కేన్యన్, డెత్ వ్యాలీ అని ఎండపట్టు పార్కులున్నయి. ఆడ చెట్టు తక్కువ, నీళ్లు తక్కువ, యాడ జూసినా బండే. అయినా లోకమంత పోయి నడుస్తది. ఎందుకంటె ఒక పూటల పోయొచ్చే చిన్న చిన్న తొవ్వలు ఏసి, మొదట్ల బోర్డు పెట్టిండ్రు. ఎంత దూరం, ఎంత ఎత్తు, నీళ్లు దొరుకుతయా లేదా, ఏ యాళ్లకు పోవద్దు, అన్నీ దాని మీద ఉంటయి.

మనది ఎడారి కాదు. కని ఎండకాలం జనగామ దిక్కు మెట్టనేల, బండ గుట్టలు చూస్తె ఆ లెక్కలు మనకు గూడ పనికొస్తయనిపిస్తది. నడిచే జాగలకు మనకేం తక్కువ లేదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింట్ల ఉన్నయి. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌ల సర్వాయి పాపన్న కోట ఉన్నది. పాలకుర్తిల సోమేశ్వరుని గుట్ట ఉన్నది. గూడూరు మండలంల అడివి నడుమ భీమునిపాదం జలపాతం ఉన్నది.

ఇగ రేగొండ దిక్కు తిరుమలగిరి దగ్గర పాండవుల గుట్ట. అక్కడి బండల మీద ఆదిమానవులు రంగులతోని గీసిన జంతువుల బొమ్మలున్నయి. వెనుకటి కాలపోళ్లు అక్కడనే పాండవుల బొమ్మలు గూడ గీసిండ్రు. అంటె వేల ఏండ్ల సంది ఆ గుట్టకు మనుషులు నడుసుకుంట పోతనే ఉన్నరు. ఈ బొమ్మల గురించి బయటి లోకానికి తెలిసింది మాత్రం 1990ల.

గసొంటి బొమ్మలను ముట్టొద్దు. చేతి చెమట, నూనె రంగును తింటయి. ఫొటోల మంచిగ కనవడాలని నీళ్లు చల్లుతరు కొందరు, అది ఇంకా పాడు. ఒక గుట్ట మీద నేను చూసిన, పాత బొమ్మ పక్కనే బొగ్గుతోని లవ్ గుర్తు, రెండు పేర్లు. గీసినోళ్లకు అది నిమిషం పని. తుడువబోతె బొమ్మ గూడ పోతది.

ఇప్పుడు అసలు ముచ్చట. గ్రానైట్ చట్టం లెక్కల చిన్న తరహా ఖనిజం. 1957 గనుల చట్టం ప్రకారం దాని లీజు రూల్స్ రాసేది రాష్ట్ర ప్రభుత్వమే. లీజు అడిగేటోడు గుట్టను ఎట్ల చూపెడ్తడు? పనికిరాని బండ, ఎవ్వలూ పోని జాగ అంటడు. మనం నిజంగనే పోకపోతె ఆ మాట కాదనేటందుకు మన తాన ఏముంటది? గుట్ట పోతె బండొక్కటే పోదు. దాని మీద పడ్డ వానే పారి కిందున్న చెరువుల చేరుతది. గుట్టను కోస్తె ఆ వాగు తొవ్వ గూడ తెగుతది.

అందుకే నడవాలె, నడిచింది రాసి పెట్టాలె. ఫోన్‌ల జీపీఎస్ ఆన్ చేసి తొవ్వ రికార్డ్ చెయ్యుండ్రి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌ల ఎవ్వలైనా బాట గీయొచ్చు, పైస ఖర్చు లేదు. చెలిమె, సొరికె, పాత చెక్కుడు, చెట్లు కనవడితె తారీఖుతోని ఫొటో తీయుండ్రి. రేపు గ్రామసభల గుట్ట ముచ్చటొస్తె రీల్ కంటె ఆ కాయితమే గట్టిగ నిలవడ్తది.

పోయే ముందుగాల కొన్ని జాగ్రత్తలు. గ్రాండ్ కేన్యన్‌ల ఎండకాలం పొద్దుగాల 10 నుంచి సాయంత్రం 4 దాక నడువొద్దంటరు. మనకు గూడ అదే రూల్. బండ పగటి వేడిని పట్టుకుంటది, పొద్దుగూకినా సెగ కొడ్తది. ఆడి పార్కులోళ్లు మనిషికి రోజుకు దగ్గర దగ్గర 4 లీటర్ల నీళ్లు పెట్టుకోమంటరు. పూట నడకైనా రెండు లీటర్లకు తగ్గొద్దు. వట్టి నీళ్లే కాదు, ఉప్పేసిన మజ్జిగనో అంబలో తీస్కపోండ్రి. చెమటతోని ఉప్పు గూడ పోతది గద. సగం నీళ్లు అయిపోయినయంటె ఎనుకకు మర్రాలె.

బండ సందుల పెద్ద తేనెతుట్టెలుంటయి. ఆడ పొగ పెట్టొద్దు, లొల్లి చెయ్యొద్దు. భూపాలపల్లి అడివిల ఎలుగుబంట్లు తిరుగుతయి, ఒక్కరే పోవద్దు. వానకాలం జలపాతం కాడ పాశి పట్టిన బండ మీద కాలు పెట్టొద్దు. రిజర్వ్ ఫారెస్ట్ అయితె అటవీ శాఖను అడిగినంకనే లోపటికి పోవాలె. ఊర్ల ముసలి గొర్లకాపరి ఉంటె ఆయనను తోల్కపోండ్రి. తొవ్వలు ఆయనకు ఎర్కైనంత మ్యాప్‌కు ఎర్కుండయి. ఊకెనే తోల్కపోవద్దు, ఆయన పూట కూలి ఆయనకియ్యాలె.

సర్కారును గూడ అడుగుదాం. హోటళ్లు, అద్దాల వంతెనలు మాకొద్దు. గుట్ట మొదట్ల ఒక బోర్డు, తాగేటందుకు నీళ్లు, ఆడపిల్లలు గూడ పోగలిగేటట్టు ఒక మరుగుదొడ్డి, ఊరి పిల్లలకే గైడ్ పని. గ్రామసభల తీర్మానం రాసేటప్పుడు ఈ నాలుగు రాయించుండ్రి. కింద మీ తొవ్వ మ్యాప్ జత చెయ్యుండ్రి.