కనకాంబరం సాగులో వేరు ఆరోగ్యం

కనకాంబరం (క్రొసాండ్రా ఇన్‌ఫండిబ్యులిఫార్మిస్) అకాంథేసి కుటుంబానికి చెందిన బహువార్షిక పొద. దక్షిణ భారతదేశం, శ్రీలంక దీని జన్మస్థానాలు. పూలకు పరిమళం లేకపోయినప్పటికీ వర్ణం, తేలికదనం, త్వరగా వాడని గుణం కారణంగా మల్లెతో కలిపి మాలలలో విరివిగా వాడుతారు. తోట బలహీనపడడానికి ప్రధాన కారణం తరచుగా వేళ్ళలోనే ఉంటుంది.

రకాలు - ప్రవర్ధనం

సాధారణ నారింజ రకాలను విత్తనం ద్వారా పెంచుతారు. ఢిల్లీ కనకాంబరం త్రయస్థితిక రకం. క్షయకరణ విభజన సక్రమంగా జరగనందున విత్తనం కట్టదు. కొమ్మ కత్తిరింపులే ఆధారం. వేళ్ళు తొడిగించే మట్టిలో నులిపురుగులు ఉన్నట్లయితే అవి నారుతోపాటు కొత్త పొలానికి చేరతాయి. కావున 10-15 సెం.మీ. పొడవు గల కొన కత్తిరింపులను ఆరోగ్యవంతమైన మొక్కల నుండి సేకరించి, శుద్ధి చేసిన మిశ్రమంలో నాటాలి. నారుమడిని వేసవిలో తడిపి, పారదర్శక పాలిథీన్ పట్టాను 4-6 వారాలు కప్పి ఉంచితే సూర్యరశ్మి వేడిమికి నులిపురుగులు, శిలీంధ్రాలు గణనీయంగా తగ్గుతాయి.

నేల - నాటడం

నీరు నిలువని గరప నేలలు అనుకూలం. ఉదజని సూచిక 6.0-7.5 మధ్య ఉండాలి. ఎకరాకు 10 టన్నుల చివికిన పశువుల ఎరువు వేసి కలియదున్నాలి. ఢిల్లీ కనకాంబరాన్ని 60 × 40 సెం.మీ. దూరంలో నాటితే ఎకరాకు సుమారు 16,800 మొక్కలు పడతాయి.

ఆకులు పసుపు రంగుకు మారినప్పుడు

ఈ లక్షణం కనిపించగానే పోషక లోపమని భావించి యూరియా వేయడం సరికాదు. సున్నం అధికంగా ఉన్న నేలల్లో ఇనుప ధాతు లోపం వలన లేత ఆకుల ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్యభాగం పాలిపోతుంది. నులిపురుగులు ఆశించినప్పుడు పొలంలో అక్కడక్కడ గుంపులుగా మొక్కలు గిడసబారతాయి. అట్టి మొక్కను పెకలించి వేళ్ళను కడిగి చూస్తే గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. ఇది ప్రాటిలెంకస్ నులిపురుగు చేసిన గాయం. ఈ గాయాల ద్వారా ఫ్యుజేరియం శిలీంధ్రం ప్రవేశించి ఎండు తెగులును కలిగిస్తుంది. ఆ దశలో మొక్క కోలుకోవడం కష్టం.

యాజమాన్యం

ఎండిన మొక్కలను వేళ్ళతో సహా తీసి కాల్చివేయాలి. నీటి కాలువలలో పడవేయరాదు. వేప పిండిని, ట్రైకోడెర్మా విరిడితో వృద్ధి చేసిన పశువుల ఎరువును మొక్కల మొదళ్ళ వద్ద వేయాలి. తెగులు సోకిన పొలంలో వెంటనే తిరిగి కనకాంబరం నాటకుండా బంతితో పంట మార్పిడి చేయాలి. బంతి వేళ్ళలోని ఆల్ఫా టెర్థయినిల్ నులిపురుగులను అణచివేస్తుంది.

పూల కోత

కంకిలో పూలు అడుగు నుండి పైకి క్రమంగా విచ్చుకుంటాయి. రోజు విడిచి రోజు తెల్లవారుజామున కోయాలి. కిలో తూగడానికి దాదాపు 15,000 పూలు అవసరం. ఇంతటి కోత కూలీని భరించే తోటలో ప్రతి మొక్క పూర్తిస్థాయిలో పూయాలి. కావున విస్తరణ శాస్త్రవేత్తలు ఆకును చూసి ఎరువును సిఫారసు చేయడానికి ముందు ఒక మొక్కను పెకలించి వేరును పరిశీలించడం అత్యవసరం.