పాత కంప్యూటరు - కొత్త వ్యవస్థ

జంగారెడ్డిగూడెము పొగాకు వేలమునకు పేరుగన్న పట్టణము. అచ్చటి రైతు ఒకడు తన సాగు లెక్కలను, కుటుంబ ఛాయాచిత్రములను పదేండ్లుగా ఇంటి కంప్యూటరులో దాచుకొనుచున్నాడనుకొందము. యంత్రము చక్కగా నడచుచున్నది. అయినను దాని వ్యవస్థకు రక్షణ గడువు ముగిసినదను ప్రకటన ఒకనాడు తెరపై కానవచ్చును. పనిచేయుచున్నదానిని మార్చుట యెందులకని అతడు సందేహించును. ఈ సందేహము సహజమైనదే.

కంప్యూటరునందలి యంత్రభాగములు తమంతట తాము ఏ పనియు చేయజాలవు. వానిచే పని చేయించు ఆజ్ఞల సముదాయమునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. గోదావరి కాలువలపై లస్కరు ఏ తూమునకు ఎంత నీరు వదలవలెనో చూచుచు, గట్టునకు గండి పడకుండ కనిపెట్టియుండును. ఈ వ్యవస్థయు అట్టిదే. ఇది ఏ పనికి ఎంత చోటు ఈయవలెనో నిర్ణయించును. పరుల చొరబాటును అరికట్టును. అయితే ఇంత పెద్ద ఆజ్ఞల సముదాయములో లోపములు దొరలుట తప్పదు. దొంగలు వానినే వెదకుచుందురు. తయారుచేసిన సంస్థ ఎప్పటికప్పుడు సవరణలు పంపి ఆ గండ్లను పూడ్చుచుండును. సవరణలు ఆగినచో యంత్రము నడచును గాని, గట్టును కాచువాడు ఉండడు.

మైక్రోసాఫ్టు సంస్థ 2015 జులై 29న విడుదల చేసిన విండోస్ 10నకు ఈ గడువు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ప్రత్యేకముగా నమోదు చేసికొనినవారికి మాత్రము అటుపై కొంతకాలము సవరణలు ఇచ్చుటకు ఆ సంస్థ ఏర్పాటు చేసినది. తరువాతిదైన విండోస్ 11, 2021 అక్టోబరు 5న వెలువడినది. దానికి కనీసము 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల నిల్వస్థలము, టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనము, తగిన ప్రాసెసరు ఉండవలెను. చాల పాత యంత్రములకు ఈ అర్హత లేదు. అట్టివానిని పారవేయ నక్కరలేదు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సుపై ఆధారపడిన వ్యవస్థలు అనేకము ఉచితముగా లభించుచున్నవి. మన దేశమున సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ అట్టిదే. ఇట్టివానిలో కొన్ని తక్కువ శక్తిగల యంత్రములపైనను నడచును.

వ్యవస్థను మార్చుటకు ముందు మన దస్త్రములన్నింటికి వేరొక డిస్కులో ప్రతి తీయవలెను. తీసినంతనే చాలదు; ఆ ప్రతిని మరియొక కంప్యూటరులో తెరచి చూడవలెను. మార్పు జరుగుచుండగా విద్యుత్తు ఆగినచో వ్యవస్థ చెడవచ్చును. కావున కరెంటు కోత లేని వేళనే పని ప్రారంభింపవలెను.

తెలుగువారికి మరియొక జాగ్రత్త అవసరము. పూర్వము అనేక ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల స్థానములందే తెలుగు అక్షరముల రూపములను అమర్చెడివారు. అట్లు వ్రాసిన లేఖను ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో అర్థములేని గుర్తులే కనిపించును. యూనికోడ్ పద్ధతిలో అట్లు కాదు. ప్రతి అక్షరమునకు ప్రపంచమంతటికి ఒకే సంఖ్య కలదు. 'అ'కు 3077, 'క'కు 3093. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఈ పద్ధతి ననుసరించు తెలుగు ఫాంటు ఒకటి లభించినది. దాని పేరు గౌతమి. అది మన గోదావరి పాయ పేరే.

కావున వ్యవస్థను మార్చుటకు ముందే, పాత ఫాంటు ఇంకను పనిచేయుచున్న దినములలో, మన వ్రాతలను యూనికోడునకు మార్చుకొనుట మేలు. యంత్రము పోయినచో మరియొకటి కొనవచ్చును. తాతగారు చెప్పగా వ్రాసికొనిన కుటుంబ చరిత్ర పోయినచో దానిని ఏ అంగడిలోను కొనలేము.